చెప్పులుంటే వదలరు

మసరత్ పరుగెడుతోంది.

వాన! ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిలో కరెంటు లేదు. పొద్దు గుంకకముందే చిమ్మచీకటి.

ఆమె చేతిలో నాయన చెప్పులు!

తప్పు తనదే...

నాయన నూరుల్లా మురుగు కాలువలోకి దిగి బురద గాలిస్తాడు. అంగళ్లలోంచి కొట్టుకొచ్చిన బంగారు రజను ఏరతాడు. దిగేముందు మ్యాన్‌హోల్ పక్కన చెప్పులు విడుస్తాడు.

చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు! అవి కనపడితే బంగారం శుద్ధిచేసే ఏ కార్ఖానావాళ్లూ కాలువలోకి ఆసిడ్ నీళ్లు వదలరు.

మసరత్‌కు అది చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా, కొత్త చెప్పులు వాననీళ్లలో తేలుతుంటే ఆలోచించలేదు. పట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

అమ్మ మెహతాబ్ చూసి కెవ్వుమంది.

“నీ తెలివి మండ! నువ్వు కార్ఖానాకు పోయి రఘునాథ్‌తో ఆసిడ్ నీళ్లు ఆపించు. నేను మీ నాయన్ను పిలుచుకొస్తా. ఉరుకు!”

సందు మలుపు. కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది. లేచింది.

అదిగో... రఘునాథ్ కార్ఖానా వెనక తలుపు!

గోడ మీద బోర్డు. ‘ఆసిడ్ నీటిని సున్నంతో విరిచిన తరువాతే మురుగు కాలువలోకి వదలవలెను.’

వానొస్తే రఘునాథ్‌కు సున్నం గుర్తుండదు.

బోర్డు కింద పైపు. నేరుగా కాలువలోకి. లోపల గలగలా శబ్దం... ఘాటు వాసన! ముక్కు మండుతోంది.

వదిలేశాడు!

మసరత్ తలుపు బాదుతుంది. అరవాలి. క్లాసులో హాజరు కూడా గట్టిగా పలకని పిల్ల...

“మా... మామా!”

తలుపు తెరుచుకుంటుంది. రఘునాథ్. చేతిలో టార్చి.

“ఏంది పాపా? తలుపు ఇరగ్గొడతావా?”

“ఆపు మామా! నాయన లోపల ఉండాడు!”

“యాడ? నేను చూసే వాల్వు తిప్పినా. ఆడ చెప్పుల్లేవు.”

ఆమె చెప్పులు పైకెత్తుతుంది.

టార్చి వెలుగు వాటి మీద పడుతుంది. రఘునాథ్ లోపలికి దూకుతాడు.

కిర్రు... కిర్రు...

వాల్వు మూసుకుంటుంది. పైపు ఆగుతుంది.

ఆలస్యమైందా? నాయన...

“మసరత్!”

వెనక నుంచి!

నడుం దాకా బురద. ఉత్తికాళ్లు. నాయన!

“నీళ్లు శానా ఎక్కువైతాంటే సందు చివర మూత కాడ పైకొచ్చినా. ఎవుడో నా చెప్పులు ఎత్తుకపోయినాడని ఎతకతాండా. దొంగవి నువ్వేనా?”

ఆమె ఏడుస్తూనే నవ్వుతుంది.

“బాగనే ఉండాడు గదప్పా!” రఘునాథ్ ముఖం తుడుచుకుంటాడు. “నా పానం పోయినంత పనైంది. పోండి, పోండి. వాన నిలిచేలోపల నా పని కావాల.”

తలుపు ధడాలున మూసుకుంటుంది. లోపల గడియ పడుతుంది.

మసరత్ వంగి చెప్పులు నాయన కాళ్ల ముందు పెడుతుంది.

“మీయమ్మ యాడ?”

“నిన్ను పిలుచుకొస్తానని...”

మాట ఆగిపోతుంది.

మెరుపు!

నాయన దిగిన మ్యాన్‌హోల్ మూత పక్కకు జరిపి ఉంది.

దాని పక్కన ఒక జత. చిన్నవి. తెగిన పట్టీకి పిన్నీసు.

అమ్మ చెప్పులు!

తలుపు వెనక...

కిర్రు... కిర్రు...