మైనస్ మీద బొట్టు

"ప్లస్ ఏదో మైనస్ ఏదో తెలియనివాడు మాస్టర్స్ ఎలా చదువుతున్నాడో!" అని నమ్రత ఆంటీ లాండ్రీ రూమ్‌లో అన్నదట. అమ్మ ఆ మాటను ఉతికిన బట్టలతో పాటు ఇంటికి మోసుకొచ్చింది.

"సాయమని వచ్చి మన కారు తగలబెట్టాడట. తన కారు బతికిపోయిందని సంబరపడుతోంది ఆవిడ" అంది నాన్నతో.

పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న దేదీప్య పెన్సిల్ ఆగిపోయింది.

అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఆ అపార్ట్‌మెంట్లలో బట్టలు ఆరేలోపు మాట మూడు బ్లాకులు తిరిగొస్తుంది. ఈసారి అది నిశాంత్ అంకుల్ మీద పడింది. ఎదురు బ్లాకులో ఉంటూ చదువుకుంటున్నాడాయన. ఎవరింట్లో వైఫై ఆగినా, ఏ పిల్లాడి సైకిల్ చైన్ ఊడినా ఆయనకే ఫోన్. పది రోజులుగా ఆ ఫోన్ మోగడం లేదు. ప్రతి శనివారం దేదీప్య వాళ్లింటికి భోజనానికి వచ్చేవాడు. ఇప్పుడు రమ్మంటే, "ఎగ్జామ్స్ ఉన్నాయక్కా" అంటున్నాడు.

అసలు జరిగింది వేరు. అది ఆయనకు కాక దేదీప్య ఒక్కదానికే తెలుసు.

వాళ్లది హైబ్రిడ్ కారు. దానికి రెండు బ్యాటరీలు. పెద్దది కారును నడిపిస్తుంది. డిక్కీ అడుగున ఉండే చిన్నది కారును నిద్ర లేపుతుంది. వెనక సీట్లో కూర్చుని బొమ్మల పుస్తకం చదివిన దేదీప్య లైటు ఆర్పడం మరిచిపోయింది. రెండు రోజుల్లో చిన్న బ్యాటరీ చచ్చిపోయింది.

నాన్న ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. నిశాంత్ అంకుల్ నమ్రత ఆంటీ కారును పక్కన పెట్టించి, దాని బ్యాటరీ నుంచి కరెంట్ ఎక్కించే కేబుల్స్ తెచ్చాడు. కరెంట్ లేక డిక్కీ తెరుచుకోలేదు. వెనక సీటు మీదుగా అందులోకి దూరగలిగింది దేదీప్య ఒక్కతే.

"పాపా, ఫోన్ లైట్ వేసి చూడు. ప్లస్ గుర్తు ఎటుందో చెప్పు" అన్నాడు ఆయన, సీటు మీద బోర్లా పడుకుని, రెండు చేతుల్లో రెండు క్లిప్పులు పట్టుకుని.

లోపల ఇరుకు. గుర్తు వెతకడానికి దేదీప్యకు విసుగేసింది. ఒక పక్కన ఎర్రగా కనిపించింది. ఎరుపంటే ప్లస్ కదా!

"చూశావా సరిగ్గా?"

"చూశా అంకుల్. ఇదే."

ఆయన చేతులు చాచి ఆమె చెప్పినట్టే క్లిప్పులు తగిలించాడు. టప్‌మని శబ్దం. కాలిన వాసన. అంతే, కారు ఇక లేవలేదు.

నిశాంత్ అంకుల్ దేదీప్య వంక ఒకసారి చూశాడు. పరుగెత్తుకొచ్చిన నాన్నతో, "నావల్లే అన్నా, సారీ" అన్నాడు.

అమ్మ లాండ్రీ రూమ్ మాట మోసుకొచ్చిన మర్నాడు సాయంత్రం నాన్నతో పాటు దేదీప్య కూడా రిపేర్ షాపుకి వెళ్లింది. మెకానిక్ కరిగిపోయిన ఫ్యూజ్ చూపించాడు. దాంతో పాటు చిన్న బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె కూడా పోయిందట. కొత్తది రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుందన్నాడు.

ఆ తరవాత బ్యాటరీ మీద వేలితో రుద్ది చూపించాడు. వేలంతా ఎర్రగా అయింది. మైనస్ మీద ఈ రంగేమిటని అడిగాడు.

నాన్నకు అర్థమైంది. దసరాకి కారు పూజ చేసినప్పుడు, స్టీరింగ్‌కీ టైర్లకీ పెట్టాక, బ్యాటరీకి కూడా కుంకుమ బొట్టు పెడతానని పేచీ పెట్టింది దేదీప్యే. ప్లస్ మీద నల్ల మూత ఉంది. అందుకని రెండో దానికి పెట్టింది.

"ఇది చూసి పొరబడ్డాడన్న మాట. గుర్తు చూసుకోవద్దూ!" అన్నాడు నాన్న.

దేదీప్య కళ్లు నిండిపోయాయి.

"అంకుల్ చూడలేదు నాన్నా. నేను చూశా. ప్లస్ గుర్తు చూడకుండానే చూశానని చెప్పా."

నాన్న ఆమె కళ్లు తుడిచి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. తిడితే బాగుండుననిపించింది దేదీప్యకు.

అద్దె కారు పార్కింగ్‌లో ఆగేసరికి నమ్రత ఆంటీ కూరగాయల సంచులు దించుకుంటోంది. బస్ స్టాప్ నుంచి నిశాంత్ అంకుల్ నడిచి వస్తున్నాడు. వీళ్లను చూసి తల వంచుకున్నాడు.

దేదీప్య కారు దిగి తిన్నగా ఆంటీ దగ్గరికి వెళ్లింది.

"ఆంటీ, కారు పాడుచేసింది నిశాంత్ అంకుల్ కాదు. నేను రాంగ్ చెప్పా. అంకుల్ నా పేరు చెప్పలేదు."

"అయ్యో, చిన్నపిల్లవి, నీదేం తప్పమ్మా! పెద్దవాడు ఆయన చూసుకోవద్దూ?"

"మీరు ఎవరెవరికి చెప్పారు ఆంటీ? వాళ్ల అపార్ట్‌మెంట్ నంబర్లు చెప్పండి. అందరి ఇళ్లకీ వెళ్లి చెప్తా."

ఆంటీ ముఖం చిన్నబోయింది. సంచి చేయి మార్చుకుంటూ మెల్లగా ఒక్కో నంబరూ చెప్పింది. దేదీప్య అరచేతిలో పెన్నుతో రాసుకుంది. నంబర్లు తొమ్మిది తేలాయి. అందులో మూడోది దేదీప్య వాళ్లదే.

నాన్న నిశాంత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమయ్యా, పాప చెప్పిందని నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

నిశాంత్ ఆ చేతి కిందినుంచి మెల్లగా పక్కకు జరిగాడు.

"మీరు అడిగారా అన్నా? ఇంతమందిలో ఒక్కరైనా ఏం జరిగిందని నన్ను అడిగారా?"