బొట్టు పెట్టిన లెన్సు

"అయ్యో... నా ఇంటి దేవున్నే పీకేసింది గదరా!"

లస్మవ్వ పెట్టిన కేకకు కోరుట్లలోని ఆ గల్లీ అంతా ఉలిక్కిపడింది. పూజ అర్రలో, కొండగట్టు అంజన్న పటం పక్కన ఉండే పాత కెమెరా ముఖం లేకుండా బోసిగా ఉంది! ముందుండే లెన్సును ఎవరో మర తిప్పి ఊడదీశారు. ఎవరో ఏమిటి... ఇప్పుడు స్టూడియో నడిపేది కోడలు కల్పనే కదా!

ఆ కెమెరా లస్మవ్వ పెనిమిటి హన్మండ్లుది. కల్లు గీసేందుకు తాళ్లెక్కే ఇంట్లో పుట్టి, చెట్టెక్కకుండా ఫోటో స్టూడియో పెట్టిన మనిషి. "గదువ జర ఎత్తు..." అని ఆయన అన్నాడంటే ఎంత సిగ్గరి పెళ్లికూతురైనా గడ్డం లేపి తల ఎత్తాల్సిందే! ఊరందరినీ తల ఎత్తించిన ఆ మనిషి, లైటు పట్టుకుని పక్కన నిలబడ్డ పెళ్లాన్ని మాత్రం ఏనాడూ కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఆమె అడగనూ లేదు. కొత్త కెమెరాలొచ్చి పాతది మూలపడితే, తానే పూజ అర్రలోకి తెచ్చుకుని, దసరా దసరాకూ బొట్టు పెట్టి "అన్నం పెట్టిన తల్లివి" అని మొక్కుతూ వచ్చింది. ఇప్పుడేమో ఆయనకు పక్షవాతం! కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ముద్ద నోటికందిస్తే ముఖం తిప్పుకుంటాడు. ఎడమచేత్తో ఖాళీ స్టీలు గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ గోడకానుకుని కూర్చుంటాడు. ఆయన మళ్లీ మనిషి కావాలని ఆమె మొక్కని దేవుడు లేడు!

కేక విని కల్పన పరుగున వచ్చింది. చేతిలో కొత్త డిజిటల్ కెమెరా... దానికి బిగించి ఆ పాత లెన్సు!

"అత్తమ్మా, ఒక్క మాట ఇను..."

"ఏం ఇనాలె? ఆయన బతికుండంగనే ఆయన సామాన్లు పీకుతవా? పో! మీ తల్లిగారి సిరిసిల్లకే పో! నా కండ్ల ముందుండకు!"

కల్పన కళ్లు నిండిపోయాయి. అయినా కదల్లేదు. "పోత అత్తమ్మా... గని ఇది ఒక్కసారి మామ చేతిల పెట్టి పోత."

"చెయ్యే పడిపాయె! బటనెట్ల నొక్కుతడు?"

"బటన్ నేను నొక్కుత. కొత్త లెన్సులు వాటంతటవే సూసుకుంటయ్. ఇది గట్ల గాదు, చేత్తోని తిప్పితెనే సాఫ్ కనవడ్తది. తిప్పేది ఎడమ చెయ్యే గదా! మామ గ్లాసు ఊకెనే తిప్పుతుండనుకున్నవా? నువ్వు దర్వాజ కాడుంటే ఇటు తిప్పుతడు, దగ్గరికత్తే అటు తిప్పుతడు. నిన్నే ఫోకస్ చేస్తుండు అత్తమ్మా!"

లస్మవ్వ అర్ర బయట గోడకానుకుని కూర్చున్న ఆయన చేతిలోని గ్లాసు వైపు చూసింది. ఆ తిప్పడం రోగమనుకుంది ఇన్నాళ్లూ! తడబడుతూ లెన్సులోకి చూసింది. అద్దం నడిమధ్య మసక మచ్చ. "గిదేంది... పగులగొట్టినవా?"

కల్పన తల దించుకుంది. గడపలో నిలబడ్డ కొడుకు అజయ్ ఉండబట్టలేకపోయాడు. "అది నువ్వు పెట్టిన బొట్టే అమ్మా! ఇన్ని దసరాలు అద్దం మీదనే పెట్టినవ్. కుంకుమ పొర గట్టిపోయింది. నీకు చెప్తె బాధపడ్తవని తనే గుట్టుగ తుడుసుకుంట కూసున్నది."

దండం పెట్టిన చేతులే దాని చూపు కప్పేశాయా!

"సూపు పోలేదు అత్తమ్మా, జర మంచు పట్టినట్టు కనవడ్తది, గంతే." అంటూ కల్పన కెమెరా వెనక తెర చూపించింది. "ఇగో, పాత లెన్సు ఎదురుంగున్నా గీ కెమెరా లెన్సే లేదంటది. దీని భాష దానికి రాదు గద! మనమే చెప్పుకోవాలె, ఉన్నది, ఫోటో తియ్యమని."

చూడవచ్చిన ప్రతివాళ్లతో, ఆయన వింటుండగానే, "ఇగ మనిషి లేనట్టే" అని తానన్న మాటలు లస్మవ్వ చెవుల్లో గింగురుమన్నాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆయన ఎదురుగా కూలబడిపోయింది.

కల్పన మామ చేతిలో గ్లాసు తీసి, ఒళ్లో దిండు పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, ఎడమచేతి వేళ్లను లెన్సు చుట్టూ చేర్చింది. ఆ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి... తర్వాత వాటంతటవే కదిలాయి! తెర మీద మసకగా ఉన్న ముద్ద మెల్లమెల్లగా చీర అయింది, చెంప అయింది, కన్నీటి చార అయింది. కల్పన వేలు బటన్ మీద సిద్ధంగా ఉంది. కానీ హన్మండ్లు కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో నచ్చలేదు. పెదవులు వణికాయి. గొంతులో ఏదో గీరుకుంది.

"గదు... వ..."

అజయ్ గడప దాటి దగ్గరికొచ్చాడు.

"...ఎత్తు."

లస్మవ్వ ఏడుస్తూనే, నవ్వుతూనే, గదువ ఎత్తింది.

"నొక్కు కల్పనా... నా బిడ్డా, నొక్కు!"