గేటుకు కట్టిన పసుపు రుమాలు

సైరన్ మోగేసరికే నగీసా బల్ల కింద ఉంది.

"అదేంటే, ఇంకా మోగకముందే దూరిపోయావు?" అంది అమ్మ, తనూ వంగి పక్కన చేరుతూ.

"టైం కలిసొస్తుందిగా!"

"భూకంపం నీకు చెప్పి వస్తుందా?"

నగీసా వినిపించుకోలేదు. బూట్లు అప్పటికే వేసుకుని, పసుపు రుమాలు చేతికి చుట్టుకుని, రెండో సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఇంట్లో బూట్లతో కూర్చున్నందుకు మామూలు రోజయితే వీపు చిట్లేది. అది భూకంపం డ్రిల్ కాబట్టి అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

డిసెంబరు మొదటి ఆదివారం వస్తే ఆ సముద్రం పక్క పేటలో అందరికీ ఇదే పని. మొదటి సైరన్ మోగగానే వీధి తలుపు తెరిచి పెట్టాలి. ఇల్లు ఊగితే తలుపులు బిగుసుకుపోతాయి మరి. తరువాత బల్ల కిందికి దూరాలి. రెండో సైరన్ మోగాక, ఇంట్లో అందరూ క్షేమంగా ఉంటే గేటుకు పసుపు రుమాలు కట్టి పార్కుకు వెళ్లాలి. వీధులు తిరిగి చూసే వాలంటీర్లు రుమాలు ఉన్న ఇంటి ముందు ఆగరు. లేని ఇంటి దగ్గర ఆగి పిలుస్తారు. పలక్కపోతే లోపలికి వెళ్లి చూస్తారు. వీధి సంఘం వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది.

పద్ధతి పెద్దవాళ్లది. పందెం మాత్రం పిల్లలది. ముందుగా వచ్చి "మా జట్టులో అందరూ క్షేమం" అని చెప్పిన వాళ్లకు, సంఘం ప్రెసిడెంటు హిబినో గారు కాల్చిన చిలగడదుంపలు మొదట పంచుతారు. పోయినేడు నగీసా వాళ్ల సందు ఇళ్లన్నీ కలిసిన మూడో జట్టు అందరికన్నా ఆఖర్న వచ్చింది. కారణం, సందు చివరి ఇంట్లో ఒక్కతే ఉండే ఇసోబె బామ్మ. ఆవిడ గ్యాస్ కట్టేశానా లేదా అని ఒకసారి, టోపీ కోసం ఒకసారి, మెడకు చుట్టుకునే శాలువా కోసం ఒకసారి వెనక్కి వెళ్లింది. అందరూ గేటు దగ్గర నిలబడి ఎదురుచూశారు. దుంపలు వాళ్ల దాకా వచ్చేసరికి అడుగున మాడినవి మిగిలాయి.

అప్పటినుంచి మొదటి జట్టు ఇబుకి, నగీసా క్లాసులోనే ఐదో తరగతి చదివేవాడు, కనిపించినప్పుడల్లా "ఏం నత్తమ్మా, ఎక్కడిదాకా వచ్చావు?" అని ఏడిపిస్తూనే ఉన్నాడు. ఏడాది పొడుగునా అదే పాట.

ఈ ఏడు జట్టు లీడర్ వంతు నగీసా వాళ్ల అమ్మది. ఈసారి కూడా వెనకబడితే ఆ పాట ఇంకో ఏడాది వినాలి. నగీసా మాత్రం అందుకు సిద్ధంగా లేదు.

రెండో సైరన్ మోగింది.

"నువ్వు మలుపు అవతలి ఇళ్లు చూడు. ఇటు వైపు నేను చూస్తా" అని అమ్మ ఒక సంచీ ఇచ్చింది. అందులో అదనపు రుమాళ్లు ఉన్నాయి. "ఎవరికైనా రుమాలు కనిపించకపోతే ఒకటివ్వు. రుమాలు లేని ఇంట్లో గట్టిగా పిలువు. ఎవరూ పలక్కపోతే నువ్వేం చెయ్యకు, పరిగెత్తుకొచ్చి నాకు చెప్పు. తెలిసిందా?"

"తెలిసిందమ్మా!" అంటూనే నగీసా గేటు దాటేసింది.

మలుపు అవతల రుమాళ్లన్నీ చక్కగా ఎగురుతున్నాయి, ఒక్క ఇసోబె బామ్మ గేటుకు తప్ప.

"బామ్మగారూ! డ్రిల్! రండి!"

జవాబు లేదు. వీధి తలుపు మాత్రం జానెడు తెరిచి ఉంది. తలుపు తీసిందంటే సైరన్ విన్నట్టే. విన్నదంటే బయలుదేరుతున్నట్టే. ఈపాటికి టోపీ వెతుక్కుంటూ ఉంటుంది అనుకుంది నగీసా.

"బామ్మగారూ!"

పార్కు వైపు నుంచి ఎవరివో అరుపులు వినిపించాయి. మొదటి జట్టు వాళ్లు పరిగెడుతున్నారు. ముందు ఇబుకి ఎర్ర జాకెట్టు.

ఇప్పుడు వెళ్లి అమ్మను పిలిస్తే, అమ్మ వస్తే, బామ్మ టోపీ దొరికితే, శాలువా దొరికితే... నగీసా చేతులు వాటంతటవే సంచీలోకి వెళ్లాయి. ఒక రుమాలు తీసి, గేటుకు గబగబా ముడి వేసింది. ఎలాగూ బామ్మ వచ్చాక కట్టేదే కదా. కాస్త ముందు కడితే ఏమవుతుంది?

"అన్నీ కట్టేశారమ్మా!" అని అరుచుకుంటూ మలుపు దాటింది.

అది అబద్ధం కూడా కాదు. నగీసా మనసులో అలాగే సర్దిచెప్పుకుంది.

మూడో జట్టు ఫస్టు వచ్చింది.

హిబినో గారు మైకులో ఆ మాట చెప్పగానే నగీసా ఎగిరి గంతేసింది. అమ్మ ముఖం కూడా వెలిగిపోయింది. పొయ్యి మీద నుంచి తీసిన దుంపల్లో పెద్దది నగీసా చేతికే వచ్చింది. వేడికి చేతులు మార్చుకుంటూ ఇబుకి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచింది.

"ఈసారి నత్త ఎవరు బాబూ?"

"ఏదో కలిసొచ్చిందిలే" అని మూతి ముడుచుకున్నాడు ఇబుకి.

దుంప అప్పుడే తినెయ్యబుద్ధి కాలేదు. జాకెట్టు జేబులో పెట్టుకుంది. తరువాత అందరూ బకెట్లు చేతులు మార్చుకుంటూ మంట ఆర్పడం నేర్చుకున్నారు. పొగ నింపిన గుడారంలో వంగి నడిచారు. పెద్ద డేగిసాలో ముల్లంగి, క్యారెట్టు, మాంసం వేసి సోయా ముద్దతో కాచిన సూపు అందరూ గిన్నెల్లో పోసుకున్నారు. ఇసోబె బామ్మ జాడ మాత్రం లేదు.

"చలికి రాలేదేమో పాపం" అంది అమ్మ. ఒక గిన్నెలో సూపు పోసి పైన మూత పెట్టింది. "వేడి తగ్గకముందే ఇచ్చిరా."

నగీసా గిన్నె రెండు చేతులా పట్టుకుని సందులోకి వచ్చింది. తను కట్టిన రుమాలు గేటు మీద అలాగే ఉంది. తలుపు కూడా జానెడే తెరిచి ఉంది, ఇందాకటిలాగే.

తలుపు పూర్తిగా తోసింది. గడప లోపల చెప్పుల అర మీద ఇంకో పసుపు రుమాలు ఉంది. ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. పక్కనే టోపీ, శాలువా. ఈసారి బామ్మ అన్నీ ముందే తీసి పెట్టుకుంది.

"బామ్మగారూ?"

"ఇక్కడమ్మా... వంటింట్లో."

గొంతు బొంగురుపోయి ఉంది. నగీసా గిన్నె కింద పెట్టి, బూట్లు విడిచి పరిగెత్తింది. ఇసోబె బామ్మ బల్ల కింద, చల్లటి నేల మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది.

"దూరడం అయితే దూరానే. మోకాలు పట్టేసింది. బయటికి రాలేకపోతున్నా" అంది బామ్మ నవ్వబోతూ. పెదవులు చలికి వణికాయి. "నీ వల్ల కాదు గానీ, పెద్దవాళ్లనెవరినైనా పిలుచుకురా తల్లీ."

నగీసా పరుగు తీసింది. పార్కులో అమ్మను చూడగానే "బామ్మ! బల్ల కింద!" అన్న రెండు మాటలే నోటికొచ్చాయి.

అమ్మా, హిబినో గారూ కలిసి బల్ల జరిపి, బామ్మను మెల్లగా లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. హీటరు దగ్గరికి జరిపారు. అమ్మ ఆవిడ కాళ్లకు దుప్పటి చుట్టింది. సూపు గోరువెచ్చగా ఉంది. అయినా బామ్మ గిన్నె వదలకుండా తాగింది.

"కేకలు వేశానయ్యా" అంది హిబినో గారితో. "నా గొంతు వీధిదాకా వెళ్లదాయె. మీ వాలంటీర్లు గేటు దగ్గరికి వచ్చారు కూడా. 'ఇక్కడ రుమాలు ఉంది, పదండి' అనడం నా చెవులతో విన్నా. నేను ఎప్పుడు కట్టానబ్బా అనుకున్నా. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలా."

హిబినో గారు అమ్మ వంక చూశారు. అమ్మ ఆయన వంక చూసింది.

"ఈమధ్య ఇలా మర్చిపోవడం తరచూ జరుగుతోందా?" అని ఆయన మెత్తగా అడిగారు.

"ఏమో. కట్టింది కట్టినట్టు మర్చిపోతే, రేపు గ్యాస్ కట్టేశానో లేదో కూడా..." బామ్మ మాట మధ్యలో ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది.

"కంగారు పడకండి. ఒకసారి మీ అమ్మాయితో మాట్లాడతాను. ఇకమీదట ఒక్కరే ఉండటం అంత మంచిది కాదేమో."

"నగోయాలో అమ్మాయి దగ్గరికి వెళ్లిపోమంటారా?" అంది బామ్మ. గిన్నెలోకి చూస్తూ అడిగింది, పైకి చూడలేదు.

నగీసా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. జేబులో దుంప చల్లారిపోయి రాయిలా తగులుతోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మూడో జట్టు ఫస్టుగానే ఉంటుంది. అమ్మకు తలవంపులు ఉండవు. బామ్మ మాత్రం తన బుర్ర పాడైందనుకుని ఇల్లు వదిలి వెళ్లిపోతుంది.

"మీరు మర్చిపోలేదు బామ్మగారూ" అంది. "మీ రుమాలు చెప్పుల అర మీదే ఉంది. గేటుకున్నది నేను కట్టాను."

బామ్మ గిన్నె కింద పెట్టింది.

"పిలిచాను. మీరు పలకలేదు. లేటవుతుందని... మళ్లీ మనమే ఆఖరవుతామని కట్టేశాను."

అమ్మ నోరు తెరిచి ఏదో అనబోయింది. ఆలోపే ఇసోబె బామ్మ తొడ మీద ఫట్టుమని చరుచుకుంది.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట! విన్నారా హిబినో గారూ? నేను కట్టలేదు! కట్టలేదంటే కట్టలేదు! మా అమ్మాయికి మీరేం ఫోన్లు చెయ్యక్కర్లేదు!"

హిబినో గారు నవ్వాపుకోలేక దగ్గారు. నగీసాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. అప్పుడు బామ్మ దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"బల్ల కింద నాకు మొదట్లో భయమే వెయ్యలేదు, తెలుసా? గేటుకు రుమాలు లేదు కదా, ఎవరో ఒకరు వస్తార్లే అని ధైర్యంగా కూర్చున్నా. వాళ్లు వచ్చి వెళ్లిపోయాకే భయమేసింది."

ఆవిడ కోప్పడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నగీసాకు మాత్రం ఆ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది.

పార్కుకు తిరిగి వెళ్లాక అమ్మే మైకు తీసుకుని, మూడో జట్టు లెక్క తప్పిందని చెప్పింది. దారిలో నగీసాను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది. నగీసా నేరుగా ఇబుకి దగ్గరికి వెళ్లి జేబులోని దుంప తీసి ఇచ్చింది.

"ఇది మీ జట్టుది."

ఇబుకి దాన్ని నొక్కి చూశాడు. "చల్లారిపోయింది" అన్నాడు. నత్త అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, నగీసా ముఖం చూసి మింగేశాడు. దుంప విరిచి సగం ఆమెకే ఇచ్చాడు.

చలి తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం, ఇద్దరూ బడి నుంచి నడిచి వస్తుంటే కాళ్ల కింద నేల కదిలింది. కరెంటు తీగలు ఊగాయి. ఇద్దరూ గోడలకు దూరంగా జరిగి, బడి సంచులు తలమీద పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆగింది. పెద్దదేం కాదు. ఎక్కడో ఒక కుక్క మాత్రం మొరుగుతూనే ఉంది.

సందులోకి వచ్చేసరికి మూడో జట్టు గేట్లకు ఒక్కొక్కటే పసుపు రుమాళ్లు కనబడసాగాయి. నగీసా వాళ్ల గేటుకు ఉంది. ఇసోబె బామ్మ గేటుకూ ఉంది, ఇస్త్రీ మడతలు కనిపిస్తూ.

"బామ్మ క్షేమం. పద, మా ఇల్లు చూడాలి" అన్నాడు ఇబుకి.

"నువ్వెళ్లు."

"రుమాలు ఉందిగా!"

నగీసా అప్పటికే గేటు తీసింది. తలుపు తట్టి, "బామ్మగారూ!" అని పిలిచింది. జవాబు రాలేదు. మళ్లీ తట్టింది. ఇంకా గట్టిగా పిలిచింది. ఇబుకి గేటు దగ్గరే ఒంటికాలి మీద నిలబడి బూటు లేసు ముడేసుకుంటున్నాడు. నగీసా కదల్లేదు.

"ఉన్నా, ఉన్నా! తలుపు విరగ్గొట్టేలా ఉన్నావే!" లోపల్నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇసోబె బామ్మ తలుపు తీసింది. "ఈసారి బల్ల కిందికి దూరలేదులే, దిండు నెత్తిన పెట్టుకున్నా. రుమాలు కట్టానుగా, కనబడలేదా నీకు?"

"కనబడింది బామ్మగారూ."

"మరి?"

"మీ గొంతు వినబడలేదు" అంది నగీసా.