తోక సాగిన నక్షత్రాలు

గుచ్చి గుచ్చి అడుగుతుందని ఆ డిటెక్టివ్‌కి సూదమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు వినబడినప్పుడల్లా, తనకే బిరుదిచ్చినట్టు మురిసిపోయేవాడు ఆమె అసిస్టెంట్.

ఆ ఉదయం ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన యువతి కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా నాన్న టెలిస్కోపులకి అద్దాలు అరగదీస్తారండీ. ఏళ్ల తరబడి చేసిన పెద్ద అద్దాన్ని రాత్రి ఎవరో సుత్తితో పగలగొట్టారు. మా ఆయనే చేశాడని నాన్న ఇంట్లోంచి పొమ్మంటున్నారు. వాళ్లిద్దరికీ పడదు, నిజమే. కానీ ఆయన అలాంటివాడు కాదండీ."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా అన్నయ్య. రాత్రంతా మేడమీద ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. బయటివాళ్లు వచ్చిన జాడ లేదు."

వర్క్‌షాపు నేలంతా గాజు ముక్కలే. ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక ముక్క వెనక కొత్తగా చెక్కిన కూతురి పేరు సూదమ్మ కంటబడింది.

"ఎప్పుడూ నా పేరే చెక్కుతాను. ఈసారి అమ్మాయిది," అన్నాడాయన ముక్తసరిగా.

అల్లుడు వరండాలో బట్టలు సర్దుకుంటున్నాడు. "నిద్రే పట్టలేదండీ. పైన ఏదో పిట్ట తెల్లారేదాకా కీచుకీచుమంటూనే ఉంది. సుత్తి చప్పుడు మాత్రం వినలేదు, వర్క్‌షాపు పెరటి చివర కదా," అన్నాడు.

మేడమీద టెలిస్కోపు వీపున మరో బుల్లి టెలిస్కోపు ఉంది. ఇదెందుకని అసిస్టెంట్ అడిగేసరికి కొడుకు ముఖం విప్పారింది.

"భూమి తిరుగుతుంది కదండీ. దానికి తగ్గట్టు మోటారు టెలిస్కోపుని తిప్పుతుంది గానీ, కాస్త కాస్త గురి తప్పుతుంది. ఈ చిన్నదాని కెమెరా ఒక్క నక్షత్రాన్నే కనిపెట్టుకుని ఉంటుంది. అది వెంట్రుకవాసి జరిగినా కంప్యూటర్ మోటారుని సరిచేస్తుంది. అప్పుడు ఎంతసేపు ఫొటో తీసినా చుక్క చుక్కలాగే పడుతుంది. ఆటోగైడింగ్ అంటే ఇదే."

"అయితే మీరు పక్కన ఉండక్కర్లేదన్నమాట," అంది సూదమ్మ.

"ఎందుకుండక్కర్లేదండీ! లెన్సుకి మంచు పట్టకుండా తుడవాలి. నక్షత్రం తప్పిపోతే కంప్యూటర్ కూస్తుంది, మళ్లీ పట్టివ్వాలి. తెల్లారేదాకా కుర్చీలోంచి లేస్తే ఒట్టు."

"ఫొటోలు చూడొచ్చా?"

"అద్దం సంగతి విన్నాక నాకే చూడబుద్ధి కాలేదు. తీసుకోండి, అవే నాకు సాక్ష్యం." కెమెరాలోంచి కార్డు తీసిచ్చాడు.

ఆమె బుల్లి టెలిస్కోపు లెన్సు మీద ఎండిన నీటి మరకల్ని కాసేపు చూసింది. "కంప్యూటర్ కూత ఒకసారి వినిపించండి," అంది. కీచుకీచుమంది. అసిస్టెంట్ చటుక్కున ఆమె వైపు చూశాడు.

సాయంత్రం అందర్నీ వర్క్‌షాపులో కూర్చోబెట్టి, ప్రింటు తీయించిన ఫొటోలు బల్ల మీద పరిచింది.

"మొదటివాటిలో నక్షత్రాలు చుక్కలు. తర్వాతివన్నీ తోకలు సాగిన గీతలు. బుల్లి టెలిస్కోపుకి మంచు పట్టింది. కనిపెట్టుకున్న నక్షత్రం దానికి కనబడకుండా పోయింది. పక్కన మనిషుంటే ఒక్క తుడుపుతో సరిపోయేది. తెల్లారేదాకా ఎవరూ తుడవలేదు."

"కునుకు పట్టిందేమో..." అన్నాడు కొడుకు.

"కింద పడుకున్న మీ బావగారికి పిట్ట కూతలా వినిపించింది ఆ కంప్యూటరే. ఆయన్ని పడుకోనివ్వనిది మిమ్మల్ని పడుకోనిచ్చిందా?"

కొడుకు తల వాలిపోయింది. "అద్దం వెనక చెల్లి పేరు చూశాను. పగలగొట్టాక ఇంట్లో ఉండలేక తెల్లారేదాకా వీధులు తిరిగాను. చిన్నప్పట్నుంచీ ఈ గాజు పొడి మింగింది నేను. నేను తీసిన ఫొటో ఒక్కటైనా బాగుందన్నావా నాన్నా? ఎదురుగా పెడితే పక్కకి చూసేవాడివి!"

"నాన్నకి మధ్యచూపు పోయిందన్నయ్యా," అంది చెల్లెలు. "పక్కనుంచి చూస్తేనే కాస్త కనబడుతుంది. అద్దానికి చివరి నునుపంతా నాచేతే పట్టించారు. తెలిస్తే నువ్వు బెంగపడతావని చెప్పనివ్వలేదు."

ముసలాయన అల్లుడి భుజం తడిమి పట్టుకున్నాడు. "నిన్ను అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకు, అల్లుడూ."

తర్వాత కొడుకు వైపు చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ మొదటి ఫొటో ఇటివ్వు."

దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, ముఖం పక్కకి తిప్పి చాలాసేపు చూశాడు.

"రంగులు తెలియడం లేదురా. నువ్వు చెప్పు," అన్నాడు.

కొడుకు స్టూలు పక్కన కూర్చుని, తండ్రి వేలు పట్టుకుని ఫొటో మీద ఒక చుక్క దగ్గర పెట్టాడు. "ఇక్కడ ఎరుపు, నాన్నా," అన్నాడు.