పద్నాలుగు పాదాల మీద పెన్సిల్ గీతలు

గురువారం ఉదయం తొమ్మిది పది. జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, అమ్మాయిల హాస్టల్, ఆరో నంబర్ గది.

సోని కొబ్బరినూనె సీసా కోసం రూమ్మేట్ మౌనిక బ్యాగు జిప్పు లాగింది. సీసా లేదు. మడతపెట్టిన చున్నీల కింద నల్ల అట్ట నోట్‌బుక్ ఉంది.

మూడు రోజులుగా కాలేజీ అంతా వెతుకుతున్న నోట్‌బుక్ అది.

పదకొండుకల్లా టౌన్ ఎస్సై కల్యాణి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. నోట్‌బుక్ బల్ల మీద ఉంది. దాన్ని చూడగానే ఆమె గుర్తుపట్టింది.

పన్నెండేళ్ల కిందట భూపాలపల్లి నుంచి వచ్చి, ఇదే కాలేజీలో ఊర్మిళ మేడం దగ్గర ఇంగ్లిష్ లిటరేచర్ చదువుకుంది కల్యాణి. పాతకాలపు ఇంగ్లిష్ కవిత్వం మీద మేడం ఇరవై ఏడేళ్లుగా రాసుకుంటూ వచ్చిన పుస్తకం అది. సానెట్ అంటే ఏమిటి, ఎలిజీ ఎందుకు ఏడుస్తుంది, మెటఫర్‌కీ సిమిలీకీ తేడా ఎక్కడ? ఒక్కో మాటకు ఒక్కో పేజీ. పక్కనే పద్యం. పద్యం పైన ఏ అక్షరం ఒత్తి పలకాలో, ఏది తేల్చాలో చెప్పే గుర్తులు. అచ్చు పుస్తకాల్లో దొరకని సంగతులు.

ఒక్క రోజుకు ఇమ్మని కల్యాణి అడిగింది అప్పట్లో. "ఇది బయటికి ఇవ్వను" అంది మేడం. కల్యాణి నమ్మింది.

"మౌనికకు ప్రతి శనివారం ఇచ్చి పంపేదాన్ని" అంటోంది ఇప్పుడు ఊర్మిళ.

కల్యాణి పెన్ను క్యాప్ తీసి మళ్లీ పెట్టింది.

"ఎప్పుడు పోయింది మేడం?"

"సోమవారం మూడున్నరకు బీరువాలో పెట్టి తాళం వేశాను. మంగళవారం పదింపావుకు లేదు."

"తాళం చెవి?"

"హాజరు రిజిస్టర్ల వెనక మేకుకు ఉంటుంది. స్టాఫ్ రూమ్‌కు వచ్చేవాళ్లందరికీ తెలుసు."

కిటికీ పక్కన కుర్చీలో జగపతి కూర్చున్నాడు. కాలేజీ కమిటీ మెంబరు. అతని కొడుకు ధీరజ్, మౌనిక ఒకే క్లాసు.

"ఇంక అడిగేదేముంది మేడం? ఆ పిల్ల బ్యాగులనే దొరికె. కేసు రాయుండ్రి. దొంగతనం జేసినోళ్లను యూనివర్సిటీకి పంపిస్తె కాలేజీ పరువు ఏం గావాలె?"

అసలు సంగతి అది. హైదరాబాద్‌లో యూనివర్సిటీ వాళ్ల వేసవి శిక్షణకు కాలేజీకి ఒక్క పేరే పంపాలి. అక్కడ నెగ్గినవాళ్లకు పీజీ సీటు, హాస్టల్ ఉచితం. ఈ సాయంత్రం నాలుగింటికి ఉత్తరం వెళ్లిపోవాలి. మొదటి పేరు మౌనికది. కేసైతే ఆ పేరు కొట్టేస్తారు. రెండో పేరు ధీరజ్‌ది.

మౌనికను పిలిపించారు. మరిపెడ పక్క తండా పిల్ల. నిటారుగా నిలబడింది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"సోమవారం ఎక్కడికి పోయినవ్?"

"ఇంటికి మేడం. మూడు యాభై బస్సు. మా నాయినకు పాణం బాగలేకుండె. నిన్న సాయంత్రం వచ్చిన."

"బ్యాగు?"

"ఆ బ్యాగు ఈడనే ఉండె. చిన్న సంచి పట్టుకపోయిన."

"పుస్తకం నువ్వే తీసినవంటున్నరు."

"శనివారం శనివారం మేడమే చేతికిస్తది గద. నేనెందుకు దొంగతనం జేస్త?"

"పద్యం లయ పట్టే చెవి నీదంటది మేడం. ఎక్కడ నేర్చినవ్?"

"మా యాడి, అంటే మా అమ్మ జమ్లీ, పెండ్లిళ్లల్ల పాడుతది. చిన్నప్పటి సంది ఆమె ఒళ్లె కూసొని మోకాలు మీద తాళమేసేదాన్ని. ఇంగ్లిష్ పద్యం గూడ గట్లనే వినవడుతది నాకు."

పాఠం అంతా కంఠతా పట్టినా కల్యాణికి ఎన్నడూ అట్లా వినబడలేదు. 

పన్నెండున్నర. హాస్టల్.

కేర్‌టేకర్ మమత గేటు దగ్గరే ఎదురొచ్చింది. పొద్దున డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతుంది. గెస్ట్ లెక్చరర్. ఊరు బచ్చన్నపేట. ఇస్త్రీ చెడని కాటన్ చీర. మాట నెమ్మది.

"చాయ్ తాగుతరా మేడం?"

"వద్దు. ఆరో గదికి ఎవరెవరు పోతరు?"

"పిల్లలే. మగపిల్లలను గేటు దాటనియ్యం. నేను రోజు ఓసారి చూసొస్త."

"మౌనిక ఎట్లాంటి పిల్ల?"

మమత చీర కొంగు సర్దుకుంది. "మంచి పిల్లనే. ఊర్మిళ మేడం నెత్తిన పెట్టుకుంటది. ఎవరినైన అట్ల పెట్టుకుంటె కండ్లు నెత్తికెక్కుతయ్ గద మేడం. దాని తప్పు గాదు."

సోని గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. బీకాం పిల్ల. మౌనికది, ఆమెది ఒకటే తండా.

"నూనె సీసా కోసమేనా బ్యాగు తీసింది?"

"అవ్ మేడం."

"అడగకుండనా?"

సోని తల దించుకుంది. "అది అడిగినా పలకదు. పొద్దున లేసి ఒకటే గొణుగుడు. వేళ్లు కొట్టుకునుడు. ఇద్దరం ఒక్క బస్సుల వచ్చినం ఈ ఊరికి. దానికి ముందు బెంచి, నాకు ఎనక బెంచి. అట్లని నేను పుస్తకం పెట్టలేదు మేడం. మా అవ్వ తోడు."

ఒకటి నలభై. ధీరజ్ క్యాంటీన్‌లో దొరికాడు. పొట్టి చేతుల షర్టు, ఖరీదైన వాచీ. బడి చదువంతా డెహ్రాడూన్ హాస్టల్‌లో. అక్కడ తెలుగు లేదు.

"మౌనిక పేరు పోతే నీ పేరు వస్తది."

"తెలుసు మేడం. నాయిన రెండు రోజుల సంది అదే లెక్క జేస్తున్నడు."

"నువ్వు చెయ్యలేదా?"

"చేసిన. అబద్ధమెందుకు? నేను పదిసార్లు చదివి చెప్పేది అది ఒక్కసారి విని చెప్తది. క్లాసుల అది నోరు తెరిస్తే నాకు కడుపుల మండుతది. గాని గర్ల్స్ హాస్టల్‌కు ఎట్ల వోత నేను?"

కాలేజీలో అందరి కడుపులూ మండుతున్నాయి. ఎవరి మంట చేతుల దాకా వచ్చిందో తేల్చాలి.

కల్యాణి స్టాఫ్ రూమ్‌లో ఒక్కతే కూర్చుని నోట్‌బుక్ మొదటి నుంచి తిప్పింది. అన్ని పేజీలూ నీలం సిరా. ఒక్క చివరి పేజీ మీద మాత్రం పెన్సిల్. పద్నాలుగు పాదాల సానెట్. ప్రతి అక్షరం నెత్తినా ఒక గుర్తు.

ఊర్మిళ మేడంను పిలిచింది.

"ఇవి మీ గీతలేనా?"

"కాదు. మౌనికకు పరీక్ష పెడదామని ఆ పద్యం ఖాళీగా వదిలాను. దొంగ ఎవరో పిచ్చిగీతలు గీశారు. పై నాలుగు పాదాలు చూశాను. ఒక్కటీ సరిగా లేదు. తీసినవాళ్లకు కవిత్వం రాదు, అంతే."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ."

కల్యాణి గీతలు లెక్కపెట్టింది. పాదానికి పది చొప్పున నూట నలభై. కళ్లు మూసుకుని గీసినా సగం ఒప్పవుతాయి. ఒక్కటీ ఒప్పు కాకుండా గీయడం మాటలు కాదు. ఒప్పు తెలిసినవాళ్లకే అది సాధ్యం.

ఇంకోసారి చూసింది. ఈసారి భూపాలపల్లి సర్కారు బడిలో పదో తరగతి పిల్ల కళ్లతో.

రెండు నలభై.

"నలుగురిని పిలవండి మేడం. మౌనిక, ధీరజ్, సోని. మమత గారిని కూడా."

మూడు గంటలకు అందరూ ప్రిన్సిపాల్ గదిలో ఉన్నారు. కల్యాణి నాలుగు కాగితాలు పంచింది. నాలుగింటి మీదా నోట్‌బుక్‌లోని వేరే పద్యం నుంచి అవే రెండు పాదాలు రాసి ఉన్నాయి.

"ఏ అక్షరం బరువో, ఏది తేలికో పైన గుర్తులు పెట్టండి. రాకపోతే తోచినట్టు. ఐదు నిమిషాలు."

"బీకాం మేడం నేను" అంది సోని.

"పదో తరగతి పాసైనవ్ కదా. పెట్టు."

మమత నవ్వింది. "తెలుగు చెప్పుకునేదాన్ని. నాకెందుకు మేడం ఈ ఇంగ్లిష్?"

"అందరికీ ఒకటే. మీరూ రాయండి."

మమత పెన్సిల్ తీసుకుంది. చాలాసేపు కాగితం మీద పెట్టలేదు. ఎదురుగా ఊర్మిళ మేడం కూర్చుని గోడ గడియారం చూస్తోంది. మమత ఆమె వైపు ఒకసారి చూసింది. తరువాత తల వంచి గబగబా రాసేసింది.

మూడు పన్నెండు. కల్యాణి కాగితాలు వరసగా పరిచింది.

"ఇంగ్లిష్‌లో బరువైన అక్షరానికి ఏటవాలు గీత. తేలికైనదానికి గిన్నె లాంటి గుర్తు. ధీరజ్, మౌనిక అట్లనే పెట్టిన్రు. తెలుగు ఛందస్సులో తిరగబడుతుంది. గురువుకు గిన్నె, లఘువుకు నిలువు గీత. సోని, మమత గారు అట్ల పెట్టిన్రు. నోట్‌బుక్‌లో ఉన్నవీ గిన్నెలూ, నిలువు గీతలే. ఆ చెయ్యి తెలుగు బడిలో తిరిగిన చెయ్యి."

ఊర్మిళ ముందుకు వంగింది. "తెలుగులో అలా పెడతారా?"

"మీరు మహారాష్ట్రలో, బల్లార్షాలో చదువుకున్నరు మేడం, తెలుగు బడి కాదు. మీకు తెలిసే వీలు లేదు."

"అంటే ఇగ ఈ పిల్లనా?" జగపతి సోని వైపు వేలు చూపించాడు. సోని ముఖం పాలిపోయింది.

"ఆగండి. ఈ రెండు పాదాల్లో 'నెవర్' అనే మాట ఉంది. తెలుగు లెక్కన 'నె' లఘువు, 'వర్' గురువు. సోని బడిలో నేర్చిన లెక్క ప్రకారం అదే రాసింది. ఇంగ్లిష్ వాళ్లు పలికేటప్పుడు ఊనిక 'నె' మీద పడుతుంది. అది లెక్కకు దొరకదు. చెవికి దొరకాలి. నోట్‌బుక్‌లో అట్లాంటి మాటలు పదకొండు ఉన్నయి. పదకొండింటికీ చెవి విన్న చోటే గురువు పడింది. గుర్తు తెలుగుది, చెవి ఇంగ్లిష్‌ది. ఈ నాలుగు కాగితాల్లో అట్లా ఉన్నది ఒక్కటే."

కల్యాణి మమత కాగితాన్ని ముందుకు జరిపింది.



"తప్పు రాసి తప్పించుకోవచ్చు కదా మీరు?" అంది కల్యాణి.

"ఊర్మిళ మేడం ముందట ఇంకోసారి తప్పు రాయమంటరా?" అంది మమత. "దూరవిద్యల ఎంఏ ఇంగ్లిష్ కట్టిన. మూడేండ్ల సంది పద్యాలు చదువుకుంటున్న. పోయిన జూన్‌ల ఒక పేజీకి నాకొచ్చిన తెలుగు గుర్తులే పెట్టి మేడంకు చూపిచ్చిన. ఒక్కసారి ఈ నోట్‌బుక్ ఇయ్యమని అడిగిన. స్టాఫ్ రూమ్‌ల అందరు ఉండంగ, 'నీకు చెవి లేదు మమతా, తెలుగు చెప్పుకో' అన్నది. ఆ శనివారమే పుస్తకం ఈ పిల్ల చేతిల పెట్టింది."

"అందుకని నా బ్యాగుల పెట్టిన్రా?" మౌనిక అడిగింది. "నేనేం జేసిన మేడం మీకు?"

"నువ్వేం జెయ్యలే. చూసి పెట్టేద్దామనే తీసిన సోమవారం. మంగళవారం లొల్లి లేసింది. వాపస్ పెడదామని పోతె స్టాఫ్ రూమ్ నిండ మనుషులు. నిన్న పగలు గది చూడ వోయిన. నీ బ్యాగు కనవడ్డది. దానికి రేపు హైదరాబాద్, నాకు ఈ గేటు కాడ కావలి. చెయ్యి ఆగలే."

"గీతలు చెరిపేస్తే నాకు దొరికేవారు కాదు" అంది కల్యాణి.

"రబ్బరు పట్టుకున్న. చెరపబుద్ధి కాలే."

ఊర్మిళ నోట్‌బుక్ దగ్గరికి లాక్కుంది. గిన్నె చోట బరువు, గీత చోట తేలిక. వేలు ఒక్కో అక్షరం మీద కదిలింది. మొదటి పాదం. నాలుగో పాదం. పదకొండో పాదం. ఆఖరు దాకా వచ్చేసరికి మేడం ముఖంలో రంగు లేదు.

"ఒక్కటీ తప్పు లేదు" అంది.

"ఇప్పుడు చెప్తున్నరా మేడం?" అంది మమత.

 ఊర్మిళ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కల్యాణికి జాలి కలగాలి. కలగలేదు. ఇరవై ఏడేళ్లలో ఈమె ఇంకెందరి కాగితాలు పక్కన పడేసి ఉంటుందో అనిపించింది. ఆ లెక్కలో తనూ ఉందేమో.

ప్రిన్సిపాల్ మూడు ముప్పై ఎనిమిదికి ఉత్తరం మీద సంతకం చేశాడు. పేరు మౌనికదే. జగపతి కొడుకును రమ్మనకుండానే లేచి వెళ్లిపోయాడు. ధీరజ్ కదలకుండా నిలబడ్డాడు. సోమవారం నుంచి రావద్దని ప్రిన్సిపాల్ మమతకు చెప్పాడు. ఆమె హాస్టల్ తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"కంప్లయింట్ మీరివ్వాలి మేడం" అంది కల్యాణి ఊర్మిళతో. "ఇస్తే ఇప్పుడే కేసు రాస్త."

ఊర్మిళ తెల్లకాగితం ముందు పెట్టుకుంది. తేదీ వేసింది. ఆ కింద పెన్ను సాగలేదు.

మౌనిక చేతిలో ఉత్తరం కాపీ ఉంది. కానీ ఆమె దాన్ని చూడడం లేదు. బల్ల మీద తెరిచి ఉన్న సానెట్ చదువుకుంటోంది. కుడిచేతి వేళ్లు తొడ మీద మెల్లగా తాళం వేస్తున్నాయి. తొమ్మిదో పాదం దగ్గర తాళం తప్పింది. అక్కడ నడక తిరగబడుతుంది. మౌనిక వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే తప్పింది.

అప్పుడు పెన్సిల్ గుర్తులు చూసింది. మమత అక్కడ తడబడలేదు.

మౌనిక వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తి, గుమ్మం దాటుతున్న మమత వీపు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పొద్దుటి నుంచీ ఈ కాలేజీలో ఎదురైన ప్రతి ముఖంలోనూ కల్యాణి చూసిన మంటే అది. ఆ పిల్ల కళ్లల్లోకి మాత్రం ఇప్పుడే వచ్చింది.