పెన్సిల్ ఏ చెవి మీద?

కంప్యూటర్లో కట్టే ఇళ్లకు జబ్బులు చేస్తాయన్న సంగతి లోకానికి అంతగా తెలియదు. పైకప్పు గోడల మీద కూర్చోనని భీష్మించుకుంటుంది. కిటికీ గోడను విడిచి గాలిలో సన్యసిస్తుంది. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న నేల ఒక్క క్లిక్కుతో అంతర్ధానమై, సోఫాలూ మంచాలూ త్రిశంకుడిలా వేలాడతాయి. అటువంటి రోగపీడిత గృహాలకు చికిత్స చేయడమే మన కథానాయకుడి వృత్తి. రెండు గదుల ఆ డిజైన్ ఆఫీసులో అతణ్ణి అందరూ డాక్టరనే పిలిచేవారు. ఆ బిరుదును అతడు వినయంగా తోసిపుచ్చేవాడు, తోసిపుచ్చుతూనే మురిసిపోయేవాడు.

ఆ వైభవానికి మూడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం తొలి దెబ్బ తగిలింది. చేతిలో చుట్టిన డ్రాయింగు, జడ నిండా రంపపు పొట్టు, ఎడమ చెవి మీద పెన్సిలు ఉన్న ఒక యువతి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆఫీసు వాళ్లు గీసే చెక్కపనులన్నీ చేసిపెట్టే మేస్త్రి కూతురామె. తండ్రి నడుము పట్టేసి కుర్చీకి అతుక్కుపోవడంతో వర్క్‌షాపు తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇక్కడ డాక్టర్ గారంటే ఎవరండీ?"

"నేనేనండీ."

"మీ బీరువా తలుపు తెరిస్తే నేరుగా వెళ్లి స్తంభానికి ముద్దు పెడుతోంది. వాళ్లిద్దరి మధ్యా ఏమన్నా ఉందా?"

"స్తంభమా? మోడల్లో స్తంభమే లేదండీ."

"ఇంట్లో ఉందండీ. ఇల్లు దాని మీదే నిలబడింది."

వెతకగా వెతకగా స్తంభం దొరికింది. ఎప్పుడో పని తేలిక కోసం కనబడకుండా దాచి, మళ్లీ బయటపెట్టడం మరిచాడు డాక్టరు. పది నిమిషాల్లో తలుపును స్తంభం నుంచి విడదీశాడు. ఆమె ఎడమ చేత్తో కొలత సరిచేసుకుని, పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయింది. బీరువాకు నయమైంది. వైద్యుడి పరిస్థితి అప్పటినుంచీ విషమించింది.

గది ఎంత పెద్దదో చూసేవారికి తెలియడానికి ప్రతి మోడల్లోనూ ఒక మనిషి బొమ్మ నిలబెట్టడం ఆ వృత్తిలో ఆచారం. అందుకు సాఫ్ట్‌వేర్ వాళ్లే కోటు తొడుక్కున్న ముఖం లేని పెద్దమనిషిని ఒకణ్ణి ఉచితంగా ఇస్తారు. డాక్టరు ఆ పెద్దమనిషికి ఉద్వాసన చెప్పాడు. అతడి స్థానంలో అయిదడుగుల రెండంగుళాల ఎత్తున, ఒక జడతో, ఎడమ చెవి మీద పెన్సిలుతో కొత్త బొమ్మ వెలిసింది. మూడు నెలలుగా ఆ బొమ్మ ఊళ్లోని కట్టని ఇళ్లన్నీ తిరిగింది. కిటికీల్లోంచి తొంగి చూసింది, బాల్కనీల్లో గాలి పోసుకుంది. డ్రాయింగు పంపేముందు మాత్రం అతడు దాన్ని భద్రంగా దాచేసేవాడు.

అంతలో మెట్లు వచ్చాయి.

రిటైరైన ఒక టీచరమ్మ పాత ఇల్లు విప్పించి కొత్తది కట్టిస్తోంది. పాత దూలాల టేకుతోనే లోపలి మెట్లు కావాలంది. దూలాలు కోస్తే వచ్చిన పలకలు సరిగ్గా మెట్లకు సరిపోతాయి, అంగుళం మిగలదు. తండ్రి చెయ్యి పడకుండా మేస్త్రి కూతురు చేయబోయే మొదటి మెట్లవి. "ఇవి సరిగ్గా నిలబెట్టు తల్లీ, షాపు బోర్డు మీద నీ పేరు రాయిస్తా" అన్నాడు మేస్త్రి.

ఆ మెట్లు కొంత దూరం ఎక్కి, ఎడమకు తిరిగి, మేడ మీది తలుపు దగ్గర ఆగాలి. తిరిగే చోట, పట్టుకుని ఎక్కే చేతిపట్టీ తెర మీద పుటుక్కున తెగిపోతోంది. డాక్టరు రెండు రోజులు బతిమాలాడు, బెదిరించాడు, మొత్తం చెరిపి మళ్లీ గీశాడు. పట్టీ కరగలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. మెట్లను అద్దంలో చూసినట్టు కుడికి తిప్పితే పట్టీ బుద్ధిగా అతుక్కుంది. అలాగే బాగుచేసి, అంతా మళ్లీ ఎడమకు తిప్పేస్తే సరి. విజయగర్వంతో మౌసు మీద వేలు పెట్టాడు. ఫోను మోగింది.

"డాక్టర్ గారూ, డ్రాయింగెప్పుడు పంపుతారు? చెక్క నాకేసి చూస్తోంది, నేను చెక్కకేసి చూస్తున్నా."

"ఇదిగో, ఇప్పుడే పంపుతున్నానండీ!"

"ఇప్పుడే అంటే డాక్టర్ల ఇప్పుడేనా, మనుషుల ఇప్పుడేనా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు చెవిలో ఉండగానే అతడు డ్రాయింగు పంపేశాడు.

అరగంట తర్వాత, టీ చప్పరిస్తూ తన ప్రతిభను మరోసారి చూసుకుందామని తెర వైపు తిరిగాడు. మెట్లు ఠీవిగా ఎక్కి, కుడికి తిరిగి, తలుపన్నదే లేని గోడకు ముక్కు గుద్దుకున్నాయి. అది చాలదన్నట్టు ఏడో మెట్టు మీద, దాచడం మరిచిన బొమ్మ నిలబడి ఉంది.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. రంపం హోరులో ఫోనెవరికి వినబడుతుంది? ఫోను బల్ల మీదే పడేసి పరిగెత్తాడు. బయట వాన. వర్క్‌షాపు నాలుగు వీధుల అవతల. మొదటి రెండు వీధుల్లో తన పరువు గురించి ఆలోచించాడు. మూడో వీధిలో ఆ పలకలూ, రాయించని ఆ బోర్డూ గుర్తొచ్చాయి. ఆపైన పరువు ఊసే తలపుకు రాలేదు.

గుమ్మం చేరేసరికి లోపల రంపం గీపెడుతోంది.

"ఆపండి! కోయకండి!"

రంపం ఆగింది. ఆమె చేతిలో ఏదో పీట కాలు. టేకు పలకలు గోడకు ఆనించి, అన్నీ నిండుగా, ఒక్క గాటైనా లేకుండా ఉన్నాయి. పక్కనే కుర్చీలో మేస్త్రి, ఒళ్లో డ్రాయింగు.

"మెట్లు... కోశారా?"

"ముందు కాస్త ఇవతలికి రండి, నీళ్లు చెక్క మీద కారుతున్నాయి."

"కోశారా అండీ?"

"కోయలేదు."

డాక్టరు రంపపు పొట్టు గుట్ట మీద కూలబడ్డాడు. గుండెల మీంచి టేకు దూలాలన్నీ ఒక్కసారిగా దింపినట్టయింది.

"మీకు ఫోన్ చేశా, ఎత్తలేదు" అందామె.

"బల్ల మీద వదిలేసి పరిగెత్తాను. ఎందుకు కోయలేదు?"

"పెన్సిల్ చూసి."

తడిసిన ముఖం మీద రంగులు మారడం మేస్త్రి ఆసక్తిగా గమనించాడు.

"ఏడో మెట్టు మీద ఈ అమ్మాయెవరే అని నాన్న అడిగారు. డాక్టర్ గారి చుట్టాలేమో అన్నా. తర్వాత చూస్తే పెన్సిల్ కుడి చెవి మీదుంది. ఒళ్లు మండింది. మూడు నెలలు చూసి, నాది ఎడమచేతి వాటమని కూడా తెలియదా ఈ మనిషికి అని."

"తెలుసండీ! ఎడమ చెవి మీదే పెట్టాను!"

"అదే అనుకున్నా. పావంగుళం తేడా పట్టుకునే మనిషి చెవి తప్పు వేయడు. మరి బొమ్మ తిరగబడి ఉండాలి. బొమ్మ తిరగబడితే దాని కాళ్ల కింది మెట్లు తిరగబడకుండా ఎలా ఉంటాయి? అందుకే ఆగా."

"బాగుచేయడానికి తిప్పాను. వెనక్కి తిప్పడం మరిచాను."

"ఎందుకు మరిచారు?"

"మీరు ఫోన్ చేశారు."

"అంటే తప్పు నాదా?"

"తప్పు నాదే. కారణం మీరు."

ఆమె పీట కాలును అవసరానికి మించి శ్రద్ధగా తుడిచింది.

"మిగతా ఇళ్లలో కూడా ఉన్నానా?"

"అన్నిట్లోనూ."

"నాకు చెప్పకుండా ఊరంతా తిప్పారన్నమాట. ఇంతకీ వాటిల్లో ఏ ఇల్లు నచ్చింది నాకు?"

"అడగలేదండీ. ధైర్యం చాల్లేదు."

"ఇప్పుడడగండి."

మేస్త్రి దగ్గాడు. ఆ దగ్గుకు నడుము నొప్పితో సంబంధం లేదు.

"బాబూ, ముందా మెట్లు తిప్పు. అమ్మడూ, పెయింటర్‌కి కబురు పెట్టు. మెట్లు నిలబడేదాకా ఎందుకు? ఇవాళ రంపం ఆపావు చూడు, నాకది చాలు. బోర్డు రాయించేద్దాం."

మూలనున్న పాత కంప్యూటర్లో తను పంపిన ఫైలు తెరిచి డాక్టరు మెట్లను వెనక్కి తిప్పాడు. చేతిపట్టీ తెగలేదు. పెన్సిలు ఎడమ చెవికి చేరింది. మెట్లు వెళ్లి తలుపు దగ్గర వినయంగా ఆగాయి.

"బొమ్మ తీసేయనా అండీ?" అని మేస్త్రినడిగాడు.

"ఉండనీ. మెట్టు వెడల్పెంత?"

"మూడడుగులు."

"ఇద్దరు పక్కపక్కన ఎక్కొచ్చా?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "వేసి చూస్తే గానీ చెప్పలేనండీ."

"వేసి చూడు మరి."

ఏడో మెట్టు మీద, జడ బొమ్మ పక్కన, రెండో బొమ్మ నిలబడింది. ఆమె తెరకు దగ్గరగా వంగి పరీక్షించింది. తర్వాత టేపు తీసి, అతణ్ణి గోడకు నిలబెట్టి, తల మీద చెక్క ముక్క ఆనించి, ఎడమ చేత్తో గోడ మీద పెన్సిలు గీత గీసింది. టేపు చూసింది.

"అయిదడుగుల ఏడు. మీరక్కడ అయిదు తొమ్మిది వేసుకున్నారు."

"రెండంగుళాలేగా అండీ..."

"తగ్గించండి, డాక్టర్ గారూ. తప్పుడు కొలత మీద నేనే పనీ మొదలుపెట్టను."

అతడు తగ్గించాడు.