పేనుబంకకు రెండో గ్లాసు

"నీ కోడ్‌నేమ్ పేనుబంక," అన్నాడు చీఫ్.

"పులులూ సింహాలూ అయిపోయాయా సార్?"

"బీన్స్ మొక్కలకి వైరస్ మోసేది పేనుబంక పురుగే. ఈసారి మిషన్ అదే."

రీసెర్చ్ స్టేషన్‌లో వైరస్‌కు లొంగని బీన్స్ విత్తనం తయారైంది. అందులో కీలకం రెండు జన్యువులు. మొదటిది కాపలాదారు. కానీ కొత్త రకం వైరస్ వస్తే కంగారులో సొంత కొంపే తగలబెట్టుకుంటుంది, మొక్క వేళ్లదాకా నల్లబడి చస్తుంది. రెండోది నోరు మెదపదు. వైరస్‌కు కావలసిన వస్తువే ఇంట్లో లేకుండా చేస్తుంది. ఆ రెండోది లేని విత్తనాన్ని డబ్బాలో మార్చిపెట్టి, రైతులు నాటాక కొత్త వైరస్‌ను వదలాలని విదేశీ ముఠా ప్లాన్.

"ముందు వెళ్లిన ఏజెంట్‌ని కూతురి పేరు చెప్పి లొంగదీశారు. నీకెవరూ లేరుగా, అందుకే నువ్వు."

అది మెచ్చుకోలే. అయినా ముల్లులా గుచ్చుకుంది.

నీళ్లు పోసే మనిషి వేషంలో పేనుబంక ఆ స్టేషన్ గ్రీన్‌హౌస్‌లో చేరాడు. మాట్లాడటానికి మొక్కలే దిక్కు. అక్కడ సైంటిస్టు వేషంలో ఉన్న మన ఇంకో ఏజెంటు, నవ్వితే గది వెలిగే మనిషి, ఆమె ఒక్కతే రోజూ పలకరించేది.

"ఆకు ఎలా ఉంది?" అనేది. అది కోడ్.

"వేరునడగండి," అనేవాడు.

ఆ తర్వాత, కోడ్‌లో లేని మాట ఒకటి: "భోంచేశారా?"

దానికోసం అతను పొద్దున్నే వచ్చేసేవాడు.

డబ్బాలో ఉన్నది అసలు విత్తనమేనా అని చూడటానికి, మారు తాళంచెవితో దాన్ని తెరిచి, గుప్పెడు గింజలు ట్రేలో మొలిపించి, కొత్త వైరస్ రసం నింపిన పెన్నుతో ఆకుల మీద గీతలు గీశాడు. విత్తనం బయలుదేరే రోజు చూస్తే ట్రే అంతా నల్లగా మాడిపోయింది. విత్తనం మార్చేశారు. డబ్బా అసలు తాళంచెవి ఉండేది ఆమె దగ్గరే.

వెనక్కి తిరిగితే ఆమే. చేతిలో పిస్టల్. బయట విత్తనాల వ్యాన్ స్టార్టయింది.

"మీ గదంతా వెతికాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండు. ఫోటో కూడా లేదేంటండీ? ఏం చూపించి బెదిరించమంటారు మిమ్మల్ని?"

"ఒకటుండేది. భోంచేశారా అని అడిగేది."

ఆమె పిస్టల్ ఒక్క క్షణం కిందికి వాలింది. ఆ క్షణం చాలు. అతను మొక్కల మీద నీటిపొగ చిమ్మే వాల్వ్‌ని తన్నాడు. గ్రీన్‌హౌస్ అంతా తెల్లగా కమ్మేసింది. తూటా అద్దానికి తగిలింది. ఆ పగిలిన అద్దంలోంచి దూకి, గేటు దాటబోతున్న వ్యాన్ ముందు అడ్డంగా పడ్డాడు. టైరు మోచేతిని ఒరుసుకుని ఆగింది. అసలు విత్తనం, పట్టుబడిన ఆమె మేకప్ బాక్సులో దొరికింది.

"శభాష్! ఏం కావాలో అడుగు," అన్నాడు చీఫ్.

"ఇంకో గ్లాసు కొనుక్కుంటాను సార్."

చీఫ్ గొంతు తగ్గించాడు.

"కొనుక్కో. కానీ ఎవరికీ తెలియనివ్వకు. అది టాప్ సీక్రెట్."